పిల్లలు పడుకున్నాక ఒక ఆట, లేచాక ఇంకో ఆట: 2025లో మీ ఇంట్లో ఏం ఆడారు?

మియాపూర్ మారియో | డిసెంబర్ 27, రాత్రి 11:50

డిసెంబర్ వచ్చిందంటే అందరూ టాప్ 10లు పెడతారు. నాకంత సీన్ లేదు. ఈ ఏడాది నేను ఒంటరిగా మొదలుపెట్టి పూర్తిచేసినవి రెండంటే రెండు. పిల్లలతో మొదలుపెట్టినవి తొమ్మిది, పూర్తయినవి సున్నా. కానీ ఇంజినీరింగ్ హాస్టల్ తర్వాత ఇంతగా ఆడింది ఈ ఏడాదే.

మా పాప రెండో తరగతి, బాబుకి నాలుగేళ్ళు. స్విచ్ (టీవీకి తగిలించి ఆడుకునే నింటెండో గేమ్ పెట్టె) ఒకటే, టీవీ ఒకటే. సాయంత్రం వాళ్ళ వంతు. రాత్రి పదిన్నర దాటాక చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని నా వంతు.

ముగ్గురం కలిసి ఎక్కువగా ఆడింది సూపర్ మారియో బ్రోస్ వండర్. అందులో యోషీ, నాబిట్ అనే బొమ్మల్లో ఒకటి తీసుకుంటే శత్రువులు తగిలినా ఏమీ కాదు, అందుకని చిన్నోడికి యోషీ. కానీ గుంతలో పడితే యోషీ కూడా పోతాడు, మావాడికేమో గుంతలంటేనే ప్రాణం. పడ్డవాడు దయ్యంలా తేలుతూ పైకొస్తాడు, కొన్ని సెకన్లలో పక్కవాళ్ళని తాకితే మళ్ళీ బతుకుతాడు. వాడు కేవలం ఆ దయ్యం అవడానికే దూకుతున్నాడని కనిపెట్టడానికి నాకు వారం పట్టింది. "అక్కా, నన్ను పట్టుకో" అని అరుస్తూ దూకుతాడు. ఇక లెవెల్ ఎక్కడ పూర్తవుతుంది!

మారియో కార్ట్ 8లో వాడికి స్మార్ట్ స్టీరింగ్ పెట్టాను, బండి రోడ్డు దిగకుండా అదే చూసుకుంటుంది. పన్నెండు మందిలో తొమ్మిదో వాడిగా వచ్చి సోఫా మీద గెంతుతాడు. పాప మాత్రం ఒకరోజు స్క్రీన్ దగ్గరికెళ్ళి చూసి, "నాన్నా, వీడి బండి వెనక పుల్ల ఉంది, నీ బండికి లేదేంటి?" అంది. స్మార్ట్ స్టీరింగ్ ఉన్న బండికి చిన్న యాంటెన్నా ఉంటుంది. నాలుగేళ్ళుగా ఆడుతున్నా, నేనది ఎప్పుడూ చూడలేదు.

ఇక అసలు సంగతి. జెల్డా, బ్రెత్ ఆఫ్ ది వైల్డ్. 2017 ఆట, నేను ఆడింది ఇప్పుడే. ఒక ప్రొఫైల్‌కి, ఆట ఎక్కడిదాకా వచ్చిందో దాచే సేవ్ ఒకటే, కాబట్టి పగలు పాప ఆడేదీ రాత్రి నేను ఆడేదీ ఒకే లోకం. రాక్షసులతో పాపకి పనిలేదు. ఒక అడవి గుర్రాన్ని మచ్చిక చేసుకుంది, 20 రూపీలు (ఆ ఆటలో డబ్బు) కట్టి గుర్రాల శాలలో రాయించింది, పేరు పెసరట్టు. ఆ తర్వాత హటెనో ఊళ్ళో అమ్మకానికి ఉన్న పాత ఇల్లు చూసింది. బోల్సన్ అనే మేస్త్రీ మొదట 50,000 అని చెప్పి, తర్వాత 3,000 రూపీలకీ 30 కట్టెలమోపులకీ దిగుతాడు. అంతే, మా ఇంట్లో పొదుపు మొదలైంది. నన్ను బాణాలు కూడా కొననివ్వలేదు. అక్టోబర్ నాటికి 2,400 పోగేసింది.

అలాంటి ఒక రాత్రి నేను పెసరట్టు మీద హైరూల్ మైదానంలో పోతుంటే గార్డియన్ అనే యంత్రం లేజర్ తగిలింది. నేను బతికాను. గుర్రం పోయింది.

టైం పన్నెండు నలభై. చెమటలు పట్టాయి, నిజం. వెనక్కి వెళ్దామంటే పాత సేవ్ కూడా మిగల్లేదు. వెతికితే తెలిసింది, చచ్చిన గుర్రాల్ని బతికించే గుర్రపు దేవుడు ఒకడున్నాడు, పేరు మలాన్యా. లేక్ టవర్ వైపు, ఒక వంతెన అవతల. ఆ గుడి మొదటిసారి తెరవాలంటే కానుక 1,000 రూపీలు. గుర్రపు ముఖం తొడుక్కున్న తోలుబొమ్మలా పువ్వులోంచి లేస్తాడు, చూస్తే దడుపు. వెయ్యీ కట్టాను. గుర్రం వచ్చింది. హాయిగా పడుకున్నాను.

పొద్దున్నే పాప: "నాన్నా, మన డబ్బుల్లో వెయ్యి ఏవి?"

గుర్రం సంగతి చెబితే ఏడుస్తుంది. చెప్పకపోతే దొంగనవుతాను. "ఖర్చయ్యాయమ్మా" అన్నాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఇప్పటికీ ఇల్లు కొనలేదు.

మీ ఇళ్ళలో సంగతులు చెప్పండి.

---

ఓరుగల్లు పోరడు | డిసెంబర్ 28, ఉదయం 8:15

అన్నా, పెసరట్టు ముచ్చట మా ఇంటామెకి సదివి వినిపిచ్చిన. మియాపూర్ల ఫ్లాట్‌కి ఈఎంఐ, హటెనోల ఇంటికి పొదుపు, నీకు రెండు దిక్కులా కష్టమే అన్నది.

మా చిన్నప్పుడు గేమంటే క్యాసెట్. మీద 9999 ఇన్ 1 అని రాసి ఉండేది, లోపల పది పదిహేను ఆటలే తిరిగి తిరిగి వచ్చేటియి. కాంట్రా ఆటల పైకి పైకి కిందికి కిందికి ఎడమ కుడి ఎడమ కుడి బి ఏ కొడితే 30 లైఫులు. ఎక్కాలు మర్చిపోయిన గని అది మర్వలే. మా అన్నది మొదటి రిమోట్, నాది రెండోది. జలపాతం లెవెల్ల ఆయన గబగబ మీదికి ఎక్కేటోడు, స్క్రీన్ ఆయనతోని పైకి జరిగేది, నేను కిందనే ఖతం. నా 30 లైఫులల్ల సగం ఆయన తొందరకే పోయినయి. డక్ హంట్ల బాతును రిమోట్‌తోని తిప్పొచ్చని ఎవరికన్న ఎరుకేనా? మా అన్న తుపాకి పట్టుకుంటే నేను సప్పుడు చెయ్యకుంట బాతును పక్కకు గుంజేటోణ్ణి. పగ గట్ల తీర్చుకున్న.

ఇప్పుడు నేనే ఒక తప్పు చేసిన. మా పోరనికి మూడేండ్లున్నప్పుడు బంద్ ఉన్న కంట్రోలర్ చేతికిచ్చి "ఆడు బిడ్డా" అన్న. నేను ఆడుతుంటే తనే ఆడుతున్న అనుకునేటోడు. ఆర్నెల్లు నడిచింది. ఒకరోజు "డాడీ, నీ దాంట్ల లైట్ అస్తుంది, నా దాంట్ల ఎందుకు అస్తలే?" అని అడిగిండు. ఏం చెప్పాలె? ఇప్పుడు ఐదేండ్లు, ఏ ఆట పెట్టినా ముందుగాల లైట్ చూస్తడు.

---

నైట్ షిఫ్ట్ నాని | డిసెంబర్ 28, ఉదయం 10:40

అందరూ తిట్టుకోకండి. ఇది ఆడటం కాదు బాస్, పిల్లల్ని ఆడించడం. తొమ్మిది ఆటలు మొదలుపెట్టి సున్నా పూర్తి అంటే, తొమ్మిది పుస్తకాలకి అట్టలు చూసి పెట్టేసినట్టే.

నా ఏడాది: క్లేర్ ఆబ్స్‌క్యూర్ పూర్తి. హేడిస్ 2 పూర్తి. బలాట్రో ఎన్ని గంటలో చెప్పను, మా మేనేజర్ కూడా ఈ గ్రూపులో ఉన్నాడేమో. సెప్టెంబర్ 4న సిల్క్‌సాంగ్ వచ్చింది, దాదాపు ఏడేళ్ళు ఎదురుచూసిన ఆట, సెలవు పెట్టి ఆడాను. ఒక్కో బాస్ (దారికి అడ్డంగా నిలబడే పెద్ద శత్రువు) దగ్గర నలభైసార్లు చచ్చాను. ఆ నలభై ఒకటోసారి కొట్టినప్పుడు వచ్చే కిక్కు మీ యోషీ దయ్యంలో రాదు.

---

మియాపూర్ మారియో | డిసెంబర్ 28, మధ్యాహ్నం 1:05

నాని తమ్ముడూ, ఆ కిక్కు నాకూ తెలుసు, రాత్రి పదిన్నర తర్వాత నేను వెతుక్కునేది దాన్నే. కాకపోతే నలభైసార్లు చావడానికి నాకు నలభై రాత్రులు పడుతుంది.

---

సుభద్ర న్యూజెర్సీ | డిసెంబర్ 28, రాత్రి 9:30

నేను ఒంటరిగా ఆడింది, పూర్తిచేసింది ఒక్కటే: వెన్బా. 2023లో వచ్చిన చిన్న ఆట, ఒక సాయంత్రంలో అయిపోతుంది. తమిళ కుటుంబం కెనడా వెళ్ళి స్థిరపడుతుంది, అమ్మ పేరు వెన్బా, కొడుకు కవిన్. వాళ్ళమ్మ ఇచ్చిన వంటల పుస్తకం చిరిగి, తడిసి, సగం సగమే మిగిలింది. మిగతాది మనం గుర్తుచేసుకుని వండాలి. మొదటి వంట ఇడ్లీ.

ఇడ్లీ పాత్రలో రేకులు ఒకదానిమీద ఒకటి ఎలా పెట్టాలన్నదే అక్కడ చిక్కు. పై రేకు గుంటలు కింది రేకు గుంటల మీదికి రాకూడదు, కొంచెం తిప్పి పెట్టాలి. నేను ఆలోచించకుండా చేత్తో తిప్పేశాను, తర్వాత గానీ అది పజిల్ అని తెలియలేదు! మా ఆయన పక్కన కూర్చుని రెండుసార్లు తప్పు పెట్టారు. పదకొండేళ్ళుగా ఆ ఇడ్లీలు తింటున్న మనిషి.

మా బాబుకి ఆరేళ్ళు. ఇంట్లో నేను తెలుగులో అడిగితే వాడు ఇంగ్లీషులో జవాబిస్తాడు. ఆటలో కవిన్ కూడా అంతే. ఒకచోట అమ్మ తమిళంలో ఏదో అంటుంది, వాడికి పట్టదు. మావాడు ఆ సీన్ చూసి తల తిప్పి నన్ను చూశాడు. ఏమీ అనలేదు. నేనూ అనలేదు. మర్నాడు మాత్రం రేకులు నేనే పెడతానని కుర్చీ లాక్కొచ్చాడు.

కలిసి ఆడింది యానిమల్ క్రాసింగ్. ఒక స్విచ్‌కి ఒకటే దీవి, ముందు మొదలుపెట్టినవాళ్ళే దానికి పెద్ద. అది తెలియక మొదట వాడి చేతికిచ్చాను. ఇప్పుడు మా దీవికి వాడు సర్పంచ్, నేను ఉపాధి హామీ కూలీని. వంతెన కట్టాలన్నా వాడి దయే. "సర్పంచ్ గారూ, ఏటికి అటుపక్క నా ఇల్లుంది" అని నాలుగు వారాలు అర్జీ పెట్టుకున్నాను. చివరికి వంతెన వేశాడు, తన ఇంటి ముందు.

---

గోదారి గట్టు | డిసెంబర్ 29, ఉదయం 7:20

సుభద్ర గారూ, మా రాజమండ్రి చుట్టుపక్కల ఊళ్ళలో సర్పంచులూ అంతేనండి.

మా ఇంట్లో గొడవ వేరే. సాయంత్రం మా కవలలు కర్బీ ఆడతారు, ఐదేళ్ళు. పెద్దోడు కర్బీ, చిన్నోడు దాని జోడీ బండానా వాడిల్ డీ. కర్బీ కారుని నోట్లో కుక్కుకుని పరిగెడుతుంటే మా అమ్మ కూడా నవ్వుతుంది. కానీ సరిగ్గా దీపం పెట్టే వేళకి వీడు "నాన్నా, నేను చచ్చిపోయా!" అంటాడు. వాడు ఇంకా గట్టిగా "నేనూ చచ్చిపోయా!" అంటాడు. అమ్మ చేతిలో అగ్గిపుల్ల అలాగే ఉండిపోతుంది. "అవేం మాటల్రా సందెవేళ, తథాస్తు దేవతలు తిరుగుతుంటారు" అని ఆట కట్టించేసింది.

వారం రోజులు చర్చలు జరిగాయండి. "ఔటయ్యా" అనమన్నాను, క్రికెట్ కాదన్నారు. చివరికి అమ్మే తేల్చింది: "ఊరెళ్ళొస్తా అనండి." ఇప్పుడు మా ఇంట్లో కర్బీ చావడు, ఊరెళ్తాడు. నిన్న పెద్దోడు బాస్ దగ్గర ఆరుసార్లు ఊరెళ్ళొచ్చాడు. తేలిక మోడ్ ఒకటుంది, స్ప్రింగ్ బ్రీజ్, అందులో కర్బీకి ప్రాణం ఎక్కువ. అది పెడదామంటే అమ్మ "వద్దులే, వెళ్ళొస్తున్నారుగా" అంది.

---

కళ్ళద్దాల మాస్టారు | డిసెంబర్ 29, సాయంత్రం 6:10

అందరి ఇళ్ళలో సరదాగానే ఉంది, బాగుంది. కానీ బడిలో మొదటి బెంచీలో కూర్చోబెట్టినా బోర్డు కనబడని పిల్లలు ఏటేటా పెరుగుతున్నారు. రెండు నుంచి నాలుగేళ్ళ పిల్లలు కూర్చుని స్క్రీన్ చూసే సమయం రోజుకి గంట దాటకూడదనీ, అంతకన్నా తగ్గితే ఇంకా మంచిదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది. మీరంతా ఎంతసేపు ఆడిస్తున్నారో ఎవరూ రాయలేదు. అది మాత్రం దాటేశారు.

---

మియాపూర్ మారియో | డిసెంబర్ 29, రాత్రి 10:50

మాస్టారూ, తగిలింది. రాస్తాను.

స్విచ్‌కి ఫోన్‌లో పేరెంటల్ కంట్రోల్స్ యాప్ ఉంటుంది. రోజుకింత అని పెడితే టైం అవగానే తెరమీద హెచ్చరిక వస్తుంది, కావాలంటే ఆటనే ఆపేస్తుంది. మొదట్లో 45 నిమిషాలు పెట్టి ఆపేసే ఆప్షన్ ఆన్ చేశాను. అది మహా తప్పు. మూడో ల్యాప్‌లో, చిన్నోడు జన్మలో మొదటిసారి నాలుగో స్థానంలో ఉన్నప్పుడు ఆగిపోయింది. ఆ ఏడుపు కింది ఫ్లాట్ దాకా వినిపించింది.

అప్పట్నుంచి గడియారం లెక్క మానేసి ఆట లెక్క పెట్టుకున్నాం. మారియో కార్ట్‌లో ఒక కప్పు అంటే నాలుగు రేసులు. రోజుకి ఒక కప్పు, ఆదివారం రెండు. బహుమతి ఇచ్చే సీన్ అయిపోగానే వాడే లేచి స్విచ్ ఆపుతాడు. ఏడుపు లేదు. టీ కూడా ఒక కప్పే తాగాలని ఇప్పుడు మా ఆవిడకి రూల్ పెడుతున్నాడు. చిన్నోడికి గంటలోపే అవుతుంది, పాప జెల్డా మాత్రం శని ఆదివారాల్లోనే. సోఫా వెనక్కి జరిపాను. ఫోన్ గేములు చేతికివ్వం. ఒకసారి మావాడు ఏదో రంగుల ఆటలో వజ్రాలు నొక్కుతూ పోతే నా కార్డు మీంచి 1,799 ఎగిరింది, అప్పట్నుంచి బంద్.

---

కళ్ళద్దాల మాస్టారు | డిసెంబర్ 30, ఉదయం 6:30

ఈ కప్పు లెక్క బాగుంది. మా మనవడికి చెబుతాను. మీకు సోఫా గురించి కూడా చెబుదామనుకున్నాను, జరిపేశారు.

---

కొత్త ప్లేయర్ కర్నూలు | డిసెంబర్ 30, మధ్యాహ్నం 3:00

నాకూ ఒకటి కొనాలని ఉంది. ఈ స్విచ్ యాడ దొరుకుతాది? మా ఊళ్ళో అడిగితే లైట్ల స్విచ్చులు సూపిస్తా ఉండారు. మా పాపకి రెండేండ్లే, అన్నీ నోట్లో పెట్టుకుంటాది, ఆ చిన్న ఆట కార్డులు మింగితే ఎట్లా?

---

ఓరుగల్లు పోరడు | డిసెంబర్ 30, సాయంత్రం 5:25

అన్నా, మన దేశంల నింటెండో సొంతంగ అమ్మది, బయటికెంచి తెప్పిచ్చినయే. వారంటీ సంగతి ముందుగాల అడుగు. నేను ఒక దుకాణంల అగ్గువకు వస్తుందని పాత ఆట కార్డు కొంటే లోపల ఏమీ లేదు, ఖాళీ డబ్బనే. వాడికి అడగబోతే సోమవారం రమ్మన్నడు, ఎన్ని సోమవారాలైనయో.

మింగుతదని భయపడకు, కార్డు మీద డెనటోనియం బెంజోయేట్ అని పరమ చేదు పూత ఉంటది, చిన్న పోరలు నోట్ల పెట్టుకోవద్దనే పూసిండ్లు. నేను నాకి చూసిన. వేపాకు దాని ముందట చక్కెర. రాత్రి అన్నం తిన్నా పోలే. అయినా రెండేండ్ల పాపకి అందేటట్టు పెట్టకు.

---

సుభద్ర న్యూజెర్సీ | డిసెంబర్ 30, రాత్రి 8:45

ఓరుగల్లు పోరడు గారు ఆ కార్డు ఎందుకు నాకారో మాత్రం అడగను.

మన కథల ఆటలు కావాలన్నవాళ్ళకి: పుణేవాళ్ళు చేసిన రాజీ ఉంది, 2020లో వచ్చింది. తమ్ముడు గోలూని రాక్షసులు ఎత్తుకుపోతే అక్క రాజీ వెతుక్కుంటూ వెళ్తుంది. మధ్యలో కథంతా తోలుబొమ్మలాటలా నీడల్లో నడుస్తుంది, అది చూడ్డానికే ఆడొచ్చు. పిల్లల చేతికిస్తే మాత్రం కష్టం, పోరాటాలు గట్టివి. నేను ఆడుతుంటే మావాడు పక్కన కూర్చుని దుర్గమ్మ ఎవరు, ఎందుకు అన్ని చేతులు అని అడిగాడు. అరగంట ఆట ఆపి కథ చెప్పాల్సి వచ్చింది. ఆ రోజు ఆట అక్కడితో సరి.

---

నైట్ షిఫ్ట్ నాని | జనవరి 4, రాత్రి 1:20

అక్క కూతురు నాలుగు రోజులు నా రూమ్‌లో ఉంది, ఆరేళ్ళు. సిల్క్‌సాంగ్ ఆడుతుంటే పక్కన చేరింది. పోరాటం చూడదు. అందులో హీరోయిన్ హార్నెట్ దగ్గర నీడోలిన్ అని ఒక వాయిద్యం ఉంటుంది, అది వాయిస్తే చుట్టూ ఉన్న పురుగులు గొంతు కలుపుతాయి. దాని దృష్టి దానిమీద పడింది. "మామయ్యా, ఆ పురుగు దగ్గర వాయించు. ఈ పురుగు దగ్గర వాయించు." చివరికి నన్ను చంపడానికి వచ్చే పురుగుల దగ్గర కూడా వాయించమంది. కొన్ని నిజంగానే పాడాయి! పాడుతూ ఉంటే కొట్టబుద్ధి కాలేదు, అక్కడే ఉండిపోయాను.

నేనేమీ మారలేదు, ముందే చెప్తున్నా. ఆ బాస్ మాత్రం నాలుగు రోజులుగా అక్కడే ఉన్నాడు.

మారియో అన్నా, ఆ ఇల్లు సంగతేంటి? పాపకి వేరే ప్రొఫైల్ పెట్టేయొచ్చు కదా, వేరే సేవ్ వస్తుంది. నీ గోల నీది, దాని గోల దానిది.

---

మియాపూర్ మారియో | జనవరి 5, రాత్రి 11:15

పెడతానన్నాను తమ్ముడూ. "అందులో పెసరట్టు ఉండదుగా" అంది. దానికి జవాబు లేదు.

---

గోదారి గట్టు | జనవరి 5, రాత్రి 11:40

గుర్రం సంగతి చెప్పెయ్యండి మారియో గారూ. వెయ్యి ఎటుపోయిందో తెలియక రెండు రోజులు అలిగింది, తెలిస్తే ఒక పూట ఏడుస్తుంది. లెక్కచూస్తే ఏడుపే చౌక. కావాలంటే మా అమ్మ మాట వాడుకోండి, గుర్రం ఊరెళ్ళొచ్చిందని.

---

మియాపూర్ మారియో | జనవరి 16, రాత్రి 9:05

సంక్రాంతి సెలవుల్లో చెప్పేశాను. గోదారి గట్టు గారి అమ్మగారి మాటే వాడాను. పాప కాసేపు ఆలోచించి, "ఊరెళ్ళి రావడానికి వెయ్యా?" అంది. ఏడవలేదు. పండక్కి బస్సు టికెట్ల గురించి మేం మాట్లాడుకున్నవి విన్నట్టుంది.

ఆ తర్వాత పని జోరందుకుంది. హెబ్రా కొండల్లో మంచుముద్ద దొర్లించి కట్టెలు పడగొట్టే పందెం ఉంది, ఆటకి 20 రూపీలు, ఒకే దెబ్బకి అన్నీ పడితే 300 ఇస్తారు. మొదటి రోజు డబ్బులు పోగొట్టుకున్నాం. రెండో రోజు ముద్ద ఎక్కడ పెడితే ఎటు దొర్లుతుందో పాపకి అర్థమైంది, చిన్నోడు "పడు పడు పడు" అని టీవీ ముందు నిలబడి అరిచేవాడు. కట్టెలమోపుల పని వాడిదే. చెట్టుని కొడితే దుంగ అవుతుంది, దుంగని మళ్ళీ కొడితే మోపు అవుతుంది. ముప్పై మోపులు. ఇంత శ్రద్ధగా వాడు అన్నం కూడా ఎప్పుడూ తినలేదు.

కనుమ రోజు సాయంత్రం ఇల్లు కొన్నాం. లోపల ఖాళీ, ఒక్కో సామానుకి 100 రూపీలు వేరే. చేతిలో సరిగ్గా 140 మిగిలాయి. గోడకి కత్తులు తగిలించే కొయ్యలు కొందామన్నాను నేను. మంచం అంది పాప. మంచమే కొన్నాం.

పెసరట్టుని గుమ్మం ముందు నిలబెట్టింది. ఆటలో హీరో లింక్‌ని మంచం మీద పడుకోబెట్టి స్విచ్ ఆపేసింది. కంట్రోలర్ నా చేతికివ్వలేదు, అలమారా పైన పెట్టించింది.

"వాడు పడుకున్నాడు. రాత్రి లేపకు నాన్నా."